దొంగ సంతకం ఎక్కడ దొరికిపోతుంది

"నోటు మీద సంతకం నాది కాదు." ప్రాంసరీ నోటు మీద దావా పడ్డ చోటల్లా ఎప్పుడో ఒకప్పుడు వినిపించే మాట ఇది. అప్పిచ్చినాయన నోటు దాఖలు చేస్తాడు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం ఉంటుంది, కింద ఇద్దరు సాక్షుల పేర్లు, ఆ పక్కన 'దస్తూరి' అని పెట్టి కాగితం రాసిన మనిషి పేరు. కొన్ని కేసుల్లో అయితే గొడవంతా నోటు వెనకవైపే. నోటు రాసిన మూడేళ్ళకు కాలదోషం పడుతుంది కదా, ఆ తర్వాత దావా చెల్లదు, ఆ గడువు తీరేలోపు అప్పు తీసుకున్న మనిషి వెయ్యో రెండు వేలో కట్టి వెనక 'చెల్లు' వేసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క మొదలవుతుంది. అందుకని ముందువైపు సంతకం అసలుదే అయినా, వెనక చెల్లు కింద ఉన్నది మాత్రం ఎవరో గీసిందన్న వాదన వస్తుంటుంది. మామూలు కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు కాగితాన్ని నిపుణులకు పంపమని పిటిషన్ వేస్తారు, అది లేబ్‌కి వెళ్ళి తిరిగొచ్చేదాకా రెండు వైపులా టెన్షనే.

దస్తూరి అన్న మాటకు తెలుగులో చేతిరాత అనీ, కాగితం రాసిపెట్టిన మనిషి అనీ రెండర్థాలూ ఉన్నాయి. రాతనూ రాసినవాణ్ణీ ఒకే మాటతో పిలిచారు మన పెద్దలు. ఫోరెన్సిక్ చేతిరాత పరీక్ష మొత్తం నిలబడింది కూడా ఈ నమ్మకం మీదే, రాతలో మనిషి ఉంటాడని. కానీ ఎంత ఉంటాడు, ఎక్కడ ఉంటాడు, దేనితో పోల్చి చూస్తే బయటపడతాడు అన్నవి చాలామందికి తెలియవు. లేబ్‌లో ఏదో మిషన్ కింద పెడితే 'అసలు' అనో 'నకిలీ' అనో తేలిపోతుందని అనుకుంటారు. అలా తేలదు. పరీక్ష ఎంత గట్టిగా నిలబడుతుందన్నది చాలావరకు పోల్చడానికి ఏ సంతకాలు ఇచ్చారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది, కోర్టుల్లో తక్కువ శ్రద్ధ పెట్టేది కూడా దాని మీదే.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం పెట్టలేడు. పొద్దున బ్యాంకులో పెట్టినదీ సాయంత్రం కొరియర్ అబ్బాయి పుస్తకంలో పెట్టినదీ వేరుగా ఉంటాయి, నిలబడి పెడితే ఒకలా, కూర్చుని పెడితే ఇంకోలా. ఈ సహజమైన తేడాలకు కూడా ఒక పరిధి ఉంటుంది, ఆ పరిధిని పట్టుకోవడమే నిపుణుల అసలు పని. అందుకే రెండు సంతకాలు గీతకు గీత ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయంటే నిపుణులకు నమ్మకం కలగదు సరికదా, అనుమానం మొదలవుతుంది.

దీనికి పాత ఉదాహరణ అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిగిన హౌలండ్ వీలునామా కేసు. సిల్వియా ఆన్ హౌలండ్ అనే సంపన్నురాలు 1865లో చనిపోయాక, ఆమె మేనకోడలు హెట్టీ రాబిన్సన్ ఆస్తంతా తనకే రాశారంటూ ఒక పాత వీలునామా చూపించింది, తర్వాత రాసిన వీలునామాలు చెల్లవని చెప్పే పేజీ కూడా దానికి జతచేసి ఉంది. ఆ జతచేసిన పేజీ మీద సంతకం మొదటి పేజీ మీది సంతకంతో పూర్తిగా కలిసిపోయింది. హార్వర్డ్ గణిత ఆచార్యుడు బెంజమిన్ పియర్స్, ఆయన కొడుకు చార్లెస్ కలిసి హౌలండ్ పెట్టిన 42 అసలు సంతకాలు తీసుకుని, రెండేసి చొప్పున 861 జతలు చేసి, ఒక్కో సంతకంలో పై నుంచి కిందకు దిగే 30 గీతల్లో ఎన్ని కలుస్తున్నాయో లెక్కపెట్టారు. మామూలుగా ఐదింట ఒకటి కలుస్తోంది. ముప్ఫైకి ముప్ఫై కలవడం కోటానుకోట్ల సార్లలో ఒక్కసారి కూడా జరగదని సాక్ష్యం చెప్పారు. కోర్టు చివరికి 1868లో వేరే చట్టపరమైన కారణంతో కేసు తేల్చేసింది, పియర్స్ లెక్కలో ఒక గీతకూ ఇంకో గీతకూ సంబంధం లేదనుకోవడం తప్పని తర్వాతి గణాంక శాస్త్రవేత్తలు ఎత్తిచూపారు, అదీ నిజమే. అయినా సంతకం అతిగా కలిస్తే అది కింద పెట్టి దిద్దినదై ఉండొచ్చన్న మాట మాత్రం ఈ రోజుకీ నిలిచింది.

ఇక భూతద్దం కింద ఏం కనిపిస్తుందో చూద్దాం. 'లక్ష్మి' అని సంతకం పెట్టే ఒకావిడ ఉందనుకోండి. రోజూ పెట్టే చెయ్యి కాబట్టి ల వంపు తిరిగేటప్పుడు పెన్ను వేగంగా పోతుంది, గీత మొదట్లో సన్నగా మొదలై మధ్యలో ముద్దగా అయి చివర మళ్ళీ సన్నబడి గాల్లోకి లేచిపోతుంది. క్ష దగ్గర గుడి ఎక్కడ ముడి పడుతుంది, కింద మ ఒత్తు ఎడమకు జరిగి ఉంటుందా కుడికి జారుతుందా, ఒత్తు రాసి పైకొచ్చి గుడి పెడుతుందా, గుడి పెట్టాక కిందకు దిగుతుందా, ఇవన్నీ ఆవిడకే తెలియని అలవాట్లు. ఫోర్జరీ చేసేవాడు చూసేది ఆకారాన్ని. ల బొమ్మ గీస్తాడు, క్ష బొమ్మ గీస్తాడు, గీసేటప్పుడు అసలు దాని వైపు చూసి మళ్ళీ కాగితం వైపు చూస్తాడు, ఆ చూసే క్షణంలో పెన్ను ఆగుతుంది. ఆగిన చోట బాల్‌పెన్ ఇంకు చిన్న బొట్టులా చేరుతుంది. వంపుల్లో సన్నని వణుకు ఉంటుంది. గీత మొదలూ చివరా మొద్దుగా, ఒకే మందంతో ఉంటాయి. ఎక్కడో ఒక చోట గుడి సరిగ్గా రాలేదని మళ్ళీ పెన్ను పెట్టి దిద్దుతాడు. సొంత సంతకం పెట్టేవాళ్ళు బాగా రాలేదని దిద్దుకోవడం అరుదు, తమదే కదా, ఎలా ఉన్నా పర్వాలేదని వదిలేస్తారు.

తెలుగు రాతలో ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు కలిపిరాతలో పెన్ను ఎత్తకుండా పోవడం మామూలు కాబట్టి మధ్యలో ఎత్తితే అది కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుగులో అక్షరం అక్షరానికీ, ఒత్తుకీ, తలకట్టుకీ పెన్ను ఎత్తడం సహజం. అందుకని పెన్ను ఎత్తిన ప్రతిచోటా అనుమానించకూడదు, ఎత్తకూడని చోట, అంటే ఒకే వంపు మధ్యలో ఎత్తి మళ్ళీ అతికించారా అన్నది చూడాలి. అలాగే వణుకు కనిపించగానే ఫోర్జరీ అనేయడమూ పొరపాటే. ముసలివాళ్ళ చెయ్యి వణుకుతుంది, జబ్బు చేసినవాళ్ళ చెయ్యి వణుకుతుంది, చదువు రాకపోయినా సంతకం ఒక్కటే నేర్చుకున్న మనిషి ఆ ఒక్క మాటనూ బొమ్మలాగే గీస్తాడు. ఫోర్జరీ వణుకు సంతకం అంతటా ఒకే తీరుగా ఉంటుంది, వయసు వణుకు అలా కాదు, కొన్ని చోట్ల చెయ్యి పాత అలవాటు కొద్దీ ఒక్కసారిగా జోరుగా సాగిపోతుంది. ఈ రెండింటినీ వేరు చేయాలంటే ఆ మనిషి అదే కాలంలో పెట్టిన మరికొన్ని సంతకాలు ఉండి తీరాలి.

తప్పు సంతకాలతో పోలిస్తే ఏమవుతుందో 1983లో జర్మనీలో ప్రపంచమంతా చూసింది. స్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని 93 లక్షల మార్కులు పోసి 60కి పైగా సంపుటాలు కొనింది. చేతిరాత చూడమని పేరున్న నిపుణులకు పంపారు, స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ ఫ్రై-సుల్జర్, అమెరికాకు చెందిన ఆర్డ్‌వే హిల్టన్ లాంటి వాళ్ళకు. ఒకే చేతి రాతేనని వాళ్ళు చెప్పారు. వాళ్ళ కళ్ళు మోసపోలేదు, నిజంగానే ఒకే చేతి రాత అది. కాకపోతే పోల్చి చూడమని ఇచ్చిన 'అసలు' కాగితాల్లో కొన్ని కూడా ఆ డైరీలు రాసిన కొన్రాడ్ కుయావ్ తయారుచేసినవే! ఒక ఫోర్జరీని ఇంకో ఫోర్జరీతో పోల్చి రెండూ కలిశాయని సర్టిఫికెట్ ఇచ్చారన్నమాట. గుట్టు విప్పింది అక్షరాలు కాదు, కాగితం. 1950ల తర్వాత గాని వాడకంలోకి రాని తెలుపు రసాయనం ఆ కాగితంలో ఉందని, బైండింగ్ దారంలో పాలియెస్టర్ ఉందని జర్మనీ ప్రభుత్వ ప్రయోగశాలలు తేల్చాయి, 1983 మే 6న జర్మనీ ఆర్కైవ్స్ డైరీలు నకిలీవని ప్రకటించింది. పాతగా కనిపించాలని కుయావ్ పేజీల మీద టీ నీళ్ళు పోశాడు. టీ రంగు పట్టింది గాని, అతినీలలోహిత కాంతి కింద కాగితం మెరిసిపోకుండా అది ఆపలేకపోయింది.

కాగితం సాక్ష్యం ఎందుకు అంత గట్టిదంటే, అది ఒకరి అభిప్రాయం మీద తక్కువ ఆధారపడుతుంది. మన దగ్గర పాత తేదీలు వేసి తయారుచేసే దస్తావేజులకు కూడా ఈ చూపే పనికొస్తుంది. రూపాయి గుర్తు ₹ను కేంద్రం 2010 జూలై 15న ఆమోదించింది, 2007 తేదీ వేసిన అగ్రిమెంటులో ఆ గుర్తు ప్రింటై ఉంటే ఇక మైక్రోస్కోపు అక్కర్లేదు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, అంతకుముందు అణాలే, కాబట్టి 1954 నాటి రసీదులో నయాపైసల లెక్క ఉండటానికి వీల్లేదు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. గౌతమి అనే తెలుగు ఫాంటు 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఊరూరా కంప్యూటర్లలోకి చేరింది, 1996 తేదీతో ఆ ఫాంటులో టైపైన ఒప్పందం ఎలా వచ్చిందో చూపించినవాళ్ళే చెప్పాలి. ఫాంటు విషయంలో మాత్రం తొందరపడకూడదు, అమ్మకానికి రాకముందే టెస్ట్ వెర్షన్ కొందరి చేతుల్లో ఉండే అవకాశం ఉంటుంది. ఇంగ్లీషు ఫాంటు కాలిబ్రి మీద పాకిస్తాన్‌లో 2017లో నడిచిన వివాదంలో సరిగ్గా ఈ వాదనే ముందుకొచ్చింది.

దిద్దుబాట్లు పట్టడానికి వీడియో స్పెక్ట్రల్ కంపేరేటర్ అనే యంత్రం వాడతారు. కంటికి ఒకే నీలంగా కనిపించే రెండు పెన్నుల ఇంకులు పరారుణ కాంతిలో వేర్వేరుగా కనిపిస్తాయి, ఒకటి నల్లగా నిలిస్తే ఇంకొకటి మాయమైపోతుంది. 10,000 ముందు ఇంకో ఒకటి చేర్చి 1,10,000 చేసి, అక్షరాల్లో రాసిన చోట 'పది వేలు' ముందు 'లక్షా' ఇరికిస్తే, ఆ చేర్చిన ముక్కలు ఒక్కటే వేరుగా మెరుస్తాయి. ముందు పెన్సిల్‌తో సంతకం గీసుకుని పైన పెన్ను పోనిస్తే, ఇంకు మాయమైన వెలుగులో కింద పెన్సిల్ గీత మిగిలిపోయి కనిపిస్తుంది.

ఇంకో పరికరం పేరు ఎస్డా, 1970ల చివర బ్రిటన్‌లో తయారైంది. రాసేటప్పుడు కింద ఉన్న కాగితం మీద పడే కనిపించని నొక్కులను ఇది బయటకు తెస్తుంది. కాగితం మీద పల్చని ప్లాస్టిక్ పొర పరిచి, విద్యుత్ ఆవేశం ఇచ్చి, జిరాక్స్ మిషన్‌లో వాడే నల్లపొడి లాంటిది చల్లితే, నొక్కులున్న చోట పొడి చేరి రాత లేచి నిలబడుతుంది. 1974లో బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయాక ఆరుగురికి జీవిత ఖైదు పడింది. పోలీసులు ఇంటర్వ్యూ జరుగుతున్నప్పుడే రాసుకున్నామని చెప్పిన నోట్స్‌ని ఏళ్ళ తర్వాత ఈ పద్ధతిలో పరీక్షిస్తే, ఆ పేజీలు వాళ్ళు చెప్పిన వరుసలో, చెప్పిన సమయంలో రాసినవి కావని నొక్కులే చెప్పాయి. మిగతా సాక్ష్యాలూ కూలిపోయాయి, 1991 మార్చి 14న ఆరుగురూ బయటకు వచ్చారు. పదహారేళ్ళు పోయాయి వాళ్ళకు. ఫోర్జరీ అంటే అప్పు ఎగ్గొట్టేవాళ్ళూ ఆస్తి కాజేసేవాళ్ళూ చేసేదే అనుకుంటాం గాని, అధికారం ఉన్నవాళ్ళు రాసుకున్న కాగితాన్ని కూడా అంతే నిష్పక్షపాతంగా పరీక్షించే లేబ్ లేకపోతే మామూలు మనిషికి దిక్కేది?

మన పల్లెల్లో, పట్నాల్లో అన్నిటికంటే పెద్ద చిక్కు దొంగ సంతకం కానే కాదు, అసలు సంతకం. అప్పు అవసరంలో ఉన్న మనిషి ఖాళీ ప్రాంసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చేస్తాడు, అంకెలు తర్వాత ఎవరో నింపుకుంటారు. చెక్కు బౌన్స్ కేసుల్లో ఈ వాదన చాలామందిని ముంచుతోంది. చెక్కులో రాత నాది కాదు, నిపుణులకు పంపండి అని అడిగితే, రాత ఎవరిదైనా సంతకం మీదే కదా అంటుంది చట్టం. సంతకం ఒప్పుకున్నాక మిగతాది వేరొకరు నింపారని నిపుణులు తేల్చినా అప్పు లేదని రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. అంటే అప్పు లేదనో తీర్చేశాననో వేరే ఆధారాలు తెచ్చుకోవాలి, చేతిరాత రిపోర్టు అక్కడ ఆదుకోదు. మరి ఇంకు వయసు కట్టించి 2015లో సంతకం పెట్టి 2019లో నింపారని చూపించలేమా అంటే, బాల్‌పెన్ ఇంకులోని ద్రావకం మొదటి ఒకటి రెండేళ్ళలోనే చాలావరకు ఆవిరైపోతుంది, పాతబడ్డ కాగితం మీద ఫలానా నెలలో రాశారని కచ్చితంగా చెప్పే దారి లేదు.

ఇక నిపుణుల మాటను ఎంత నమ్మాలి? ఫ్రాన్స్‌లో 1894లో అల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే సైనికాధికారి మీద గూఢచర్యం నేరం మోపినప్పుడు, దొరికిన కాగితంలో రాత ఆయన రాతతో సరిగ్గా కలవకపోతే, తన రాతను తానే ఫోర్జరీ చేసుకున్నాడు కాబట్టే కలవలేదని పారిస్ పోలీసు శాఖలో నేరస్థుల గుర్తింపు విభాగం చూసే అల్ఫోన్స్ బెర్టియోన్ సాక్ష్యం చెప్పాడు. కలిసినా దోషే, కలవకపోయినా దోషే అన్న పద్ధతి శాస్త్రం కాదు. డ్రైఫస్ నిర్దోషి అని తేలడానికి 1906 దాకా పట్టింది. ఇప్పుడు పరిస్థితి మెరుగైంది, కొలతలు వచ్చాయి. 1997లో మోషే కామ్ బృందం చేసిన పరీక్షలో వేరువేరు మనుషుల రాతల్ని ఒకరివేనని పొరబడింది మామూలు జనం 38.3 శాతం సార్లయితే, వృత్తి నిపుణులు 6.5 శాతం సార్లు. 2022లో అమెరికాలో 86 మంది నిపుణులతో జరిగిన పెద్ద అధ్యయనంలో ఈ రకం పొరపాటు 3.1 శాతం వచ్చింది, కవల పిల్లల రాతలు ఇచ్చినప్పుడు అది 8.7 శాతానికి పెరిగింది. శిక్షణ తక్కువున్నవాళ్ళు తప్పులూ ఎక్కువ చేశారు, గట్టిగా తేల్చి చెప్పడమూ వాళ్ళే ఎక్కువ చేశారు. 'ఈ నమూనాలతో తేల్చలేం' అని రాసిచ్చే నిపుణుణ్ణి చేతకానివాడిగా చూసే లాయర్లు ఈ ఒక్క ఫలితం గుర్తుపెట్టుకుంటే చాలు.

మన చట్టం ఈ విషయంలో మంచి దారిలోనే ఉంది. 1980 లా రిపోర్టుల్లో ఉన్న మురారీ లాల్ కేసులో, తెలుగు నేల నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఈ సంగతి విడమరిచి రాశారు. నిపుణుడి మాటకు వేరే సాక్ష్యం తోడు లేకపోతే అసలు పట్టించుకోకూడదన్న నియమం ఏదీ లేదు, అయితే వేలిముద్రల శాస్త్రం అంత పక్కాగా చేతిరాత శాస్త్రం లేదు కాబట్టి జాగ్రత్త అవసరం, నిపుణుడు చెప్పిన కారణాలు సరిగా ఉన్నాయా లేదా అన్నది కోర్టు చూడాలి అన్నారు. నిపుణుల అభిప్రాయం గురించీ, కోర్టు స్వయంగా రాతలు పోల్చి చూడటం గురించీ పాత సాక్ష్య చట్టంలో 45, 73 సెక్షన్లుగా ఉన్నవే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 39, 72 అయ్యాయి. జడ్జి స్వయంగా సంతకాలు పోల్చి చూడొచ్చు, కానీ కోర్టు హాల్లో రెండు నిమిషాలు కంటితో చూసి తేల్చేయడం కంటే కాగితాన్ని లేబ్‌కి పంపడమే మేలు. పోలీసు కేసుల్లో నిందితుడి నుంచి రాత నమూనా తీసుకుంటే అతను తన మీద తానే సాక్ష్యం చెప్పుకున్నట్టు కాదని 1961లోనే పదకొండు మంది జడ్జిల ధర్మాసనం తేల్చింది.

అయితే కోర్టులో నలుగురి ముందు పెట్టించిన సంతకం మంచి నమూనా కాదు. ఫోర్జరీ అని వాదిస్తున్న మనిషి కావాలనే వంకరగా పెట్టొచ్చు, కేసు పడ్డాక వకాలత్ మీద పెట్టిన సంతకానికీ ఇదే ఇబ్బంది. కేసు అన్న ఊహ కూడా లేని రోజుల్లో, నోటు తేదీకి అటూ ఇటూ పెట్టిన సంతకాలు కావాలి. బ్యాంకు ఖాతా తెరిచిన ఫారం, లాకర్ రిజిస్టరు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన దస్తావేజు, సొసైటీ లోన్ కాగితం, పిల్లల స్కూలు ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి పెట్టిన సంతకం, ఇవన్నీ పనికొస్తాయి. రెండు మూడు చాలవు, పది పదిహేను ఉంటే ఆ మనిషి చెయ్యి ఎంతవరకు మారుతుందో తెలుస్తుంది. సంతకం తెలుగులో ఉంటే తెలుగు సంతకాలే ఇవ్వాలి, ఇంగ్లీషు సంతకంతో తెలుగు సంతకాన్ని పోల్చలేరు.

అన్నిటికంటే ముందు, ఒరిజినల్. జిరాక్స్‌లో ఒత్తిడి కనిపించదు, ఇంకు ఉండదు, పెన్ను ఎత్తిన చోట్లు కలిసిపోతాయి, పైగా ఒక కాగితం మీది సంతకాన్ని ఇంకో కాగితం మీదకు అతికించి జిరాక్స్ తీస్తే అతుకు మాయమైపోతుంది. అనుమానం ఉన్న నోటు చేతికొస్తే దాన్ని లామినేషన్ చేయించకూడదు, పిన్ను కొట్టకూడదు, కొత్తగా మడత పెట్టకూడదు, సంతకం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టకూడదు, దాని పైన వేరే కాగితం పెట్టి రాయకూడదు, ఎందుకంటే ఎస్డా పరీక్షలో ఆ నొక్కులూ బయటకొస్తాయి. పెద్ద కవరులో విడిగా పెట్టి, వివరాలన్నీ కవరు మీద ముందే రాసి, తర్వాత కాగితం లోపల పెట్టాలి. హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ లేబ్‌లో బల్ల మీద ఆ కవరు విప్పినప్పుడు, లోపలి నోటు దాన్ని రాసిన రోజు ఎలా ఉందో వీలైనంత అలాగే ఉండాలి.